చలికాలం పెరట్లో క్యాబేజీ చుట్టం, చిక్కుడు ఇంటి మనిషి



చలికాలం పెరటి మడిని ఎలా తయారు చేసుకోవాలో పై వీడియోలో మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాను. పని ఎలా చేయాలో అది చూస్తే అర్థమవుతుంది. కానీ ఆ మడిలో ఏం వేయాలి, ఎందుకు వేయాలి అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. దాన్ని రాసి చెబితేనే బాగుంటుందని ఇక్కడ రాస్తున్నాను.

ఉత్తర కార్తె రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "తమ్ముడూ, వింటర్ కిట్ ఉందా?" అని అడుగుతారు. కిట్ అంటే క్యాబేజీ, క్యాలీఫ్లవర్, బ్రకోలి, క్యారెట్, బీట్‌రూట్, క్యాప్సికం విత్తనాల ప్యాకెట్లు, ఒక కోకోపీట్ ఇటుక, చిన్న ఎరువు సంచి. అడిగేది మిద్దె తోట వాళ్లొక్కరే అయితే ఈ వ్యాసం రాసేవాడిని కాదు. మూడెకరాలు, ఐదెకరాలు ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు కూడా అడుగుతున్నారు. పొలంలో దేశీ విత్తనం గురించి గంటసేపు మాట్లాడే మనిషి, ఇంటి పెరటి దగ్గరికి వచ్చేసరికి ప్యాకెట్ అడుగుతున్నాడు.

నేను విత్తనాలు, ఘన జీవామృతం అమ్ముతాను. కిట్ కట్టి అమ్మితే లాభం నాకే. అయినా నా మాట ఇది: చలికాలం పెరట్లో ముప్పావు వంతు మన నేలలో విత్తనం కట్టే పంటలే ఉండాలి. మిగిలిన పావు వంతు మీ ఇష్టం.

ఆ ప్యాకెట్లో విత్తనం ఎక్కడిది?

క్యాబేజీ, బీట్‌రూట్, నారింజ రంగు క్యారెట్ రెండేళ్ల మొక్కలు. మొదటి ఏడు గడ్డ గానీ దుంప గానీ పెడతాయి. తర్వాత పూతకు రావాలంటే వారాల తరబడి గట్టి చలి తగలాలి. అంత చలి మన మైదానాల్లో ఉండదు. అందుకే వీటి విత్తనాన్ని హిమాచల్ ప్రదేశ్‌లోని కులు లోయ లాంటి చల్లని చోట్ల పండిస్తారు. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థకు అక్కడ కట్రాయిన్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. మనం ఎంత జీవామృతం పోసినా, ఎంత బాగా పెంచినా మన పెరట్లో క్యాబేజీ విత్తనం కట్టదు. అంటే ఏటా కొనాల్సిందే.

క్యాలీఫ్లవర్‌లో ఉత్తరాది మైదానాల్లో విత్తనం కట్టే ముందస్తు రకాలున్నాయి. కానీ మన దుకాణాల్లో దొరికేవి చాలావరకు హైబ్రిడ్లు. పైగా క్యాలీఫ్లవర్‌తో ఇంకో తలనొప్పి ఉంది. ఇందులో ముందస్తు, మధ్యకాలపు, ఆలస్యపు రకాలని మూడు తరగతులు. ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకముందే గుండీ అంత పువ్వు పెట్టి ఆగిపోతుంది. ఆలస్యపు రకాన్ని తొందరపడి నాటితే ఆకు పెరుగుతుంది గానీ పువ్వు రాదు. ప్యాకెట్ మీద ఆ తరగతి రాసి ఉండకపోతే, నారు అమ్మేవాళ్లు చెప్పకపోతే, పువ్వు రాలేదని జీవామృతాన్ని తిట్టుకుంటాం. "ప్రకృతి పద్ధతిలో కూరగాయలు రావండీ" అనే మాట చాలా ఇళ్లలో ఇలాగే పుడుతుంది.

మన చలికాలం ఏ పంటలది?

రథసప్తమి నాడు మన ఇళ్లలో చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడు ఆకులో పాయసం పెడతాం. ఆ రోజుల్లో పెరట్లో పుష్కలంగా ఉండేది చిక్కుడే. పందిరి చిక్కుడు పాత రకాలు పగటి పొద్దు లెక్క చూసుకునే మొక్కలు. ఆషాఢంలో గింజ పెడితే వానాకాలమంతా తీగ పెంచుకుంటాయి. పొద్దు తగ్గాక పూతకొస్తాయి. అక్కడి నుంచి మాఘం దాకా కోసినన్ని కాయలు. అనప కూడా ఈ జాతిదే.

ఇప్పటిదాకా చిక్కుడు పెట్టని వాళ్లు కంగారు పడొద్దు. ఇప్పుడు గింజ పెడితే తీగ పొట్టిగా ఉండగానే పూత వచ్చేస్తుంది. కాబట్టి పెద్ద పందిరి అక్కర్లేదు. అడుగున్నర దూరంలో దగ్గర దగ్గరగా పెట్టి కంప ఊతమిస్తే చాలు. లేదంటే పొద్దుతో పనిలేని పొద చిక్కుడు రకాలు అర్క జయ్, అర్క విజయ్ ఉన్నాయి. ఇవి బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చినవి. హైబ్రిడ్లు కావు, విత్తనం దాచుకోవచ్చు.

ధనియాలు చూడండి. ప్రకాశం, గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలో వానలు తగ్గాక విత్తుతారు. నేలలో మిగిలిన తడి, రాత్రి మంచు, వీటి మీదే పంట వస్తుంది. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన సాధన, స్వాతి, సుధ లాంటి రకాలు ఈ కాలానికి తగినవే. ఎకరాల్లో నీళ్లు పెట్టకుండా పండే పంట, పెరట్లో చారెడు చోట పండదా? మెంతి, పాలకూర, ముల్లంగి, ఆవాలు, టమాటా, వంగ కూడా మన చలికి బాగా వస్తాయి, మన దగ్గరే విత్తనం కడతాయి. తోటకూర, గోంగూర మాత్రం చలికి మందగిస్తాయి. గోంగూర పొద్దు తగ్గగానే పూతకు పోతుంది. వాటికి ఎక్కువ చోటు ఇవ్వకండి.

"చలికాలం కూరగాయలు చౌకే కదా, పెరడు ఎందుకు?"

ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. ఏటా డిసెంబరు, జనవరి వచ్చేసరికి సంతలో ధరలు దిగుతాయి. టమాటా రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. కానీ ఏవి దిగుతున్నాయో చూడండి. క్యాబేజీ, క్యాలీఫ్లవర్, టమాటా. కిట్‌తో మనం పెంచాలనుకునేవి కూడా దాదాపు అవే! అందరూ పండించే కాలంలో, అందరూ పండించేదాన్నే, ఏటా కొన్న విత్తనంతో ఇంట్లో పెంచి మిగుల్చుకునేది తక్కువ.

ఇక మందు కొట్టని ఆకుకూర, ఆ పూట కోసిన కొత్తిమీర, పాత రకం చిక్కుడు సంతలో ఎంత ధరకైనా నమ్మకంగా దొరకవు. ఆకుకూరకు మందు కొట్టిన మూడో రోజే కోతకు వస్తే దాన్ని కడిగి శుభ్రం చేయలేం. కాబట్టి పెరట్లో మొదటి చోటు రోజూ తినే ఆకుకు, తర్వాత చిక్కుడుకు ఇవ్వాలంటాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనలో చాలామంది పొలంలో రసాయనం లేకుండా పండించి ఊరికి అమ్ముతాం. సాయంత్రం బజారుకెళ్లి మందు కొట్టిన వంకాయ కొని ఇంటికి తెస్తాం. పెరడు ఆడవాళ్ల పని అని వదిలేస్తాం. వాళ్లకు నీటి పైపు సరిగా ఉండదు, కంచె ఉండదు, ఎరువంతా పొలానికే పోతుంది. వరి కోతలు, రబీ విత్తనాలు వచ్చాక ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. అందుకే మడి తయారీ కోతలకు ముందే అయిపోవాలి, ఇంటిల్లిపాదీ చేయాలి. ఒక సెంటు స్థలానికి ఇద్దరు మనుషులకు రెండు ఉదయాల పని. అంతే.

ఉత్తర నుంచి స్వాతి దాకా చేయాల్సినవి

చలికాలం తోటకు అసలు పెట్టుబడి నేలలో ఉన్న వాన తడి. వానలు ఆగిన తర్వాత మడి తవ్వితే ఆ తడి మూడు ఎండలకు ఎగిరిపోతుంది. ఇంకా తడి ఉండగానే సర్దుకోవాలి.

అయిపోయిన బెండ, గోరుచిక్కుడు, బీర, దోస మొక్కలను పీకకండి. నేల మట్టానికి కోసేయండి. వేళ్లు లోపలే కుళ్లి గాలికి, నీటికి దారులవుతాయి. ఒక్క పల్లాకు తెగులు తగిలిన బెండను మాత్రం మొత్తంగా పీకి దూరంగా పారేయండి. కలుపును విత్తనం కట్టకముందే కోసి అక్కడే పరచండి. తుంగ ఉంటే గడ్డతో సహా తవ్వి తీయాలి, ఇందులో అడ్డదారి లేదు.

మడి మొత్తం తిరగేయొద్దు. ఆకుకూరలకు పై నాలుగు వేళ్ల మట్టి గుల్ల చేస్తే చాలు. ముల్లంగి, క్యారెట్ వరుసల్లో మాత్రమే జానెడు లోతు గుల్ల చేసి రాళ్లు ఏరేయండి. ఆ వరుసల్లో పచ్చి పేడ వేస్తే దుంపలు చీలిపోతాయి.

ఘన జీవామృతం ఎకరానికి 400 కిలోల లెక్కన వేసుకున్నా సెంటుకు వచ్చేది 4 కిలోలు. బస్తా కొనాల్సిన పనిలేదు. ద్రవ జీవామృతం ఎకరానికి 200 లీటర్లంటే సెంటుకు 2 లీటర్లే. పెరటికి 10 లీటర్ల బకెట్ చాలు: అర కిలో నాటు ఆవు పేడ, అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గట్టు మట్టి చిటికెడు. నీడన పెట్టి రోజుకు రెండు పూటలా కర్రతో తిప్పాలి. ఎండాకాలంలో రెండు రోజులకు తయారయ్యేది చలిలో ఇంకో రెండు మూడు రోజులు తీసుకుంటుంది. వాసన చూసి తెలుసుకోండి. పదింతలు నీళ్లు కలిపి 15 రోజులకోసారి పోయండి. మిగిలింది చెట్లకు పోయండి. పెరట్లో ఎక్కువ పోస్తే ఎక్కువ కాయవు, ఆకు ముదురు పచ్చబడి పేనుబంకను పిలుస్తుంది.

ఆచ్ఛాదనకు పాత వరిగడ్డి, ఎండాకులు, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది. నాటే మొక్కల చుట్టూ మూడు నాలుగు అంగుళాలు వేయండి. మొదలుకు తగలనీయొద్దు. గింజ చల్లే మడిలో మొలక వచ్చేదాకా పలచగా, వచ్చాక వరుసల మధ్యలో.

ఒకటే పద్ధతి అన్ని జిల్లాలకూ కుదరదు. తెలంగాణ, రాయలసీమ పడమటి వైపు అక్టోబరు తర్వాత వాన మీద ఆశ పెట్టుకోలేం. అక్కడ పల్లపు మడి, మందంగా ఆచ్ఛాదన. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపు అసలు వానలే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అక్కడ అడుగు ఎత్తు మడులు, నీరు పోయే కాలువ ముందు తీయాలి. కోస్తాలో తుపాను భయం డిసెంబరు దాకా ఉంటుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అందుకని విత్తనమంతా ఒకేసారి చల్లేయకండి. రెండో విడతకు దాచండి. ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల రాత్రి చలి గట్టిగా ఉంటుంది. లేత నారు మీద రాత్రిపూట గడ్డి గానీ పాత చీర గానీ కప్పి పొద్దున్నే తీయాలి.

సెంటు స్థలంలో నా లెక్క

చలికాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది. కాబట్టి పందిరి ఉత్తరం వైపు వేయండి, దాని నీడ మడుల మీద పడదు. అక్కడ రెండు చిక్కుడు పాదులు. మధ్యలో పది టమాటా, ఆరు వంగ, నాలుగు మిరప. వీటి నారు ముందే పోసుకుని ఉండాలి. లేకపోతే ఊళ్లో తోటి రైతు దగ్గర తెచ్చుకోండి. దక్షిణం వైపు చిన్న ఆకుకూర మడులు నాలుగు. మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి. ఒక మడి చల్లిన 15 రోజులకు ఇంకో మడి. నాలుగూ ఒకే రోజు చల్లితే నెల తర్వాత ఇంట్లో తినలేనంత, ఆ తర్వాత ఏమీ ఉండదు.

ధనియాలను మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలకకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. వంటింటి డబ్బాలో ధనియాలు, మెంతులు వాడొచ్చు. ముందు 20 గింజలు తడి గుడ్డలో కట్టి చూడండి. సగం కూడా మొలవకపోతే వాటిని పోపుకే వాడుకోండి.

మిగిలిన పావు వంతులో క్యాబేజీ, క్యారెట్ పెట్టండి. పిల్లలు క్యారెట్ పీకి తింటుంటే చూడ్డం నాకూ ఇష్టమే. చుట్టాన్ని చుట్టంలా చూసుకుందాం. ఇల్లు మాత్రం ఇంటి మనుషులతోనే నడవాలి.

నీళ్లు పొద్దున పూటే పెట్టండి. సాయంత్రం పెడితే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగుళ్లు వస్తాయి. వేలు గుచ్చితే లోపల తడి తగిలినప్పుడు అసలు పెట్టొద్దు.

పేనుబంక రాగానే ఫోన్ చేయకండి

చలికి చిక్కుడు, క్యాబేజీల మీద పేనుబంక వస్తుంది. వచ్చిన మర్నాడే మందు వెతకొద్దు. అక్షింతల పురుగులు దాన్ని తిని బతుకుతాయి. పేనుబంక కొంచెమైనా లేకపోతే అవి మీ తోటకు ఎందుకొస్తాయి? తీగ చివర బాగా పట్టిన కొమ్మలు తుంచేయండి. ఇంకా పెరిగితే నీమాస్త్రం. ఒక సెంటుకు 10 లీటర్లు చాలు: అర కిలో వేపాకు నూరి, అర లీటరు మూత్రం, 200 గ్రాముల పేడ కలిపి, ఒక రోజు ఉంచి వడకట్టి కొట్టండి. బూడిద తెగులు కనిపిస్తే 10 లీటర్లకు పావు లీటరు పుల్లటి మజ్జిగ.

క్యాబేజీ పెడితే చుట్టూ ఆవాలు చల్లండి. ఆకు తినే పురుగు, పేనుబంక ముందు ఆవ మీదకు పోతాయి. టమాటా పక్కన బంతి ఉంటే కాయతొలిచే పురుగు బంతి పువ్వు మీద గుడ్లు పెడుతుంది. ఈ రెండూ మన నేలలో విత్తనం కట్టేవే.

విత్తనానికి వదిలే మొక్కను ముందే ఎంచుకోండి

చాలా ఇళ్లలో అందరూ తిన్నాక, చివర్లో మిగిలిన ఎండు కాయ విత్తనమవుతుంది. ముందు బాగా కాసిన తీగకే, మధ్య కోతల్లో, మంచి గుత్తులు రెండు మూడు ఎంచి రంగు దారం కట్టండి. "ఇది కోయొద్దు" అని ఇంట్లో చెప్పండి. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి మడి చివర ఐదారు మొక్కలను అసలు తుంచకుండా వదిలేయండి. కొత్తిమీర పూత సమయంలో తేనెటీగలు ఎంత వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది, ఆ లాభం టమాటాకు కాకపోయినా పక్క పొలంలో పొద్దుతిరుగుడుకు ఉంటుంది. టమాటా గింజను గుజ్జుతో ఒక రోజు పులియనిచ్చి కడిగి నీడన ఆరబెట్టండి. చిక్కుడు గింజ బాగా ఎండాక ఆముదం పలచగా పట్టించి, లేదా పిడకల బూడిద కలిపి దాచండి, పుచ్చు పట్టదు. సీసా మీద రకం పేరు, నెల రాయండి.

ఉగాది నాటికి మీ ఇంట్లో ఐదు సీసాల విత్తనం ఉంటే వచ్చే ఏడు నా దగ్గర కొనాల్సింది సగానికి తగ్గుతుంది. నాకు అది నష్టమే. కానీ విత్తనం కోసం ఏటా ఫోన్ చేసే రైతు కన్నా, "నా దగ్గర ఎర్రంచు చిక్కుడు ఉంది, నీ దగ్గర ఏముంది?" అని అడిగే రైతు ఉంటేనే ఈ ప్రకృతి వ్యవసాయం నాలుగు కాలాలు నిలబడుతుంది.

మీ ఊళ్లో పెద్దవాళ్ల పెరట్లో పాత చిక్కుడు, నాటు వంగ, నాటు టమాటా ఉంటే ఈ వారమే వెళ్లి నాలుగు కాయలు విత్తనానికి వదలమని చెప్పి రండి. హస్త కార్తె దాటకముందే మడి సర్దుకోండి. విత్తనం తీసే పద్ధతి ఒక్కో పంటకు విడిగా వచ్చే వీడియోలో చూపిస్తాను.